నాలుగో సోల

యల్లమ్మ పోయి పదకొండు నెలలైంది. మనిషి పోయిందే కానీ వంటింట్లోంచి మాత్రం కదల్లేదు.

అత్త గురించి ఈ మాట దీపాలి ఎవరితోనూ అనలేదు. అంటే మొగుడు గంగాధర్ నవ్వుతాడు. మామ నరసయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. పక్కింటి గంగుబాయి అయితే సాయంత్రానికల్లా నీలం నగర్‌లోని అన్ని గల్లీల్లోనూ చాటింపు వేసి, ఏ భూతవైద్యుడి ఫోన్ నంబరో కూడా పట్టుకొస్తుంది. అందుకని దీపాలి నోరు మూసుకుని, పొద్దున పొయ్యి వెలిగించే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, పనిలో పడేది.

భయం మొదలయ్యేది పిండి డబ్బా దగ్గర.

ఆ డబ్బాలో ఒక ఇత్తడి సోల ఉంటుంది. అంచున సొట్ట. యల్లమ్మకు అత్తగారైన ఆమె సిరిసిల్ల వైపు నుంచి షోలాపూర్ వచ్చినప్పుడు మూటలో కట్టుకొచ్చిందట. జొన్నపిండి దాంతోనే కొలవాలి. సోలకు రెండు రొట్టెలు, మనిషికి ఒక సోల. దీపాలి కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో నలుగురు: అత్త, మామ, గంగాధర్, తను. యల్లమ్మ మూడు సోలలే పోసింది. ఏడో తరగతి దాకా చదువుకున్న కోడలు కదా, ముసలామె లెక్క తప్పిందనుకుని నాలుగోది ముంచబోయింది. యల్లమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"సాలు బిడ్డా. సర్దుకుంటది."

నిజంగానే సర్దుకునేది. ఎలా సర్దుకునేదో దీపాలి అడగలేదు, అడగకుండానే నేర్చేసుకుంది. ఆరతి పుట్టి పెద్దదై ఇంట్లో అయిదుగురైతే సోలలు నాలుగయ్యాయి. యల్లమ్మ పోయాక మళ్లీ నలుగురు, మళ్లీ మూడు. ఏ రోజైనా ఇంకొకటి ముంచుదామని చెయ్యి పెడితే, మణికట్టు చుట్టూ చల్లగా ఏదో బిగిసేది. వేళ్లు. బీడీలు చుట్టి చుట్టి మొద్దుబారిన గరుకు వేళ్లు. దీపాలి గబుక్కున సోల వదిలేసి డబ్బా మూత పెట్టేసేది.

ఆరు రొట్టెలు అయ్యేవి. మామకు పళ్లెంలో రెండు, టవల్ కార్ఖానాలో పవర్‌లూమ్ నడిపే గంగాధర్ డబ్బాలో రెండు. మిగిలిన రెండూ గంపలో. అందులో ఒకటి తనది, ఒకటి ఆరతిది అనుకోవాలి. కానీ పదమూడేళ్ల పిల్ల, ఎదిగే వయసు. పొద్దుటి బడి నుంచి మధ్యాహ్నం ఆకలితో వస్తుంది. అందుకని దీపాలి రెండు రొట్టెలూ బట్టలో చుట్టి పెట్టి, పక్కన కూర గిన్నె మూసిపెట్టి, "నేన్ తిన్న, ఆ రొండు నీయే" అని పొద్దున్నే చెప్పి, పదకొండు గంటలకు తను చుట్టిన బీడీల మూట పట్టుకుని కంపెనీకి వెళ్లిపోయేది.

మూడింటికి తిరిగొచ్చేసరికి గంపలో ఒక రొట్టె ఉండేది. కొన్ని రోజులు రెండూ ఉండేవి.

"తిన్నవా?" అని అడిగితే ఆరతి పుస్తకంలోంచి తల ఎత్తకుండా "తిన్న" అనేది.

రొట్టె మీద బట్ట నాలుగు మడతలు పెట్టి, కొస లోపలికి దోపి ఉండేది. దీపాలి అలా మడవదు. యల్లమ్మ మడిచేది. బతికున్నన్నాళ్లూ తన వాటా రొట్టెను అలాగే మడిచి గంపలో వెనక్కి పెట్టి, "పొల్ల తింటది తీయ్" అనేది. చచ్చాక కూడా పెడుతోందన్న మాట. దీపాలి ఆ రొట్టెను నోట పెట్టబుద్ధి కాక అలాగే ఉంచి, మర్నాడు పొద్దున చిదిమి ఉల్లిగడ్డ తాలింపు వేసి అందరికీ పెట్టేది. దయ్యమైనా సరే, రొట్టె పారేసే ఇల్లు కాదది.

ఏ తల్లికైనా ముందు పిల్ల మీద అనుమానం రావాలి. దీపాలికి రాలేదంటే కారణం ఉంది. పిల్లను నిలదీస్తే ఇంట్లో ఎవరు ఏం తిన్నారన్న పంచాయితీ మొదలవుతుంది. అది మొదలైతే ముందు దొరికేది తనే. అబద్ధమాడే మనిషికి దయ్యాన్ని నమ్మడమే సుఖం.

ఇక వాసన. మూడింటికి తలుపు తీస్తే పొగాకు మాడిన వాసన ముక్కుకు కొట్టేది. బీడీల ఇంట్లో పొగాకు వాసన వింత కాదు. కానీ ఇది పచ్చి పొగాకు కాదు, పెనం మీద నల్లగా వేయించి నూరిన మిశ్రీ వాసన. యల్లమ్మ ఆఖరి రొట్టె దింపగానే వేడి పెనం మీద చిటికెడు పొగాకు వేయించుకుని, పొడి చేసి, పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకుంటూ గడప మీద కూర్చునేది. అందరూ తింటుంటే ఆమె పళ్లు తోముకుంటూ ఉండేది. ఆమె మిశ్రీ డబ్బాను, తలనొప్పి మందు తాలూకు చిన్న పచ్చ రేకుడబ్బాను, మూడో దినమే దీపాలి తన చేత్తోనే చెత్తబుట్టలో పడేసింది. అయినా ఆ వాసన రోజూ మధ్యాహ్నం ఇంట్లోకి వచ్చి కూర్చునేది.

ఇవన్నీ దీపాలి భరించేదే. దయ్యం అత్తదైనప్పుడు కోడలికి సర్దుకుపోవడం ఎలాగూ అలవాటే. కానీ ఆషాఢంలో బడికి నర్సు శీతల్ వచ్చింది. పిల్లల వేళ్లు గుచ్చి రక్తం చూసింది. శీతల్ కూడా వీళ్లలాగే నేతవాళ్ల ఇంటి పిల్లే, హోట్గి రోడ్ వైపు ఉంటుంది. దీపాలిని పిలిపించి, మరాఠీలో వదిన వరస పెట్టి, మొహం మీదే చెప్పింది.

"వహినీ, పొల్లకు రక్తం తొమ్మిదే ఉన్నది. పన్నెండు ఉండాలె. ఏం పెడుతున్నవ్ ఇంట్ల?"

దీపాలికి తల కొట్టేసినట్టయింది. గల్లీ మొత్తంలో ఇల్లు నడపడంలో తన తర్వాతే ఎవరైనా అని ఆమె నమ్మకం. తక్కువలో తేవడం యల్లమ్మ దగ్గరే నేర్చుకుంది. తాజా ఆకుకూర కొనడానికి పొద్దున పోకూడదు, సంతలో దుకాణాలు సర్దుకునే వేళకు పోవాలి. వేరుశనగ పప్పు పగిలినది కొంటే చట్నీకి ఏం తేడా రాదు.

"అంత ఖర్చు పెట్టకు," అంది శీతల్. "జొన్నరొట్టె మంచిదే. మటకీలు మొలకలు కట్టు. మెంతికూర, శేపు ఆకు, తోటకూర ఏది అగ్గువ దొరికితె అది. నిమ్మకాయ పిండు. బెల్లం, పల్లీలు పెట్టు. తిన్నంక చాయ్ తాగనియ్యకు. ఈ గోలీలు రోజుకొకటి. ఎనిమిదికి దిగితె మట్టుకు పెద్ద దవాఖానకు తీస్కపోవాలె, రక్తం ఎక్కియ్యాలె. మజాక్ కాదు."

దీపాలి ఇంటికొచ్చి నడుం బిగించింది. చాయ్ బిస్కట్లు బంద్. ఆదివారం గంగాధర్ తెచ్చే నూనె ఓడే ఫర్సాణ్ మిక్చర్ బంద్. ఆ మిగులుతో బెల్లం, పల్లీలు వచ్చాయి. పెసల్లాంటి ఆ మటకీలు తడిగుడ్డలో మూటకట్టి మేకుకు వేలాడదీస్తే రెండో రోజుకు తోకలు వచ్చేవి. ముల్లంగి కొంటే ఆకు కూడా తరిగేది, కాలీఫ్లవర్ కాడలు కూడా పారేసేది కాదు. ఇంట్లో అందరి మొహాలూ తేటపడ్డాయి. నరసయ్య మలబద్ధకం కూడా వదిలింది, ఆ సంగతి ఆయన గల్లీలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆరతి ఒక్కతే పాలిపోతూ వచ్చింది. గోలీలు వేసుకుంటే కడుపు మండుతోందని ఏడ్చేది. మెట్లెక్కితే ఆయాసపడేది. రెండోసారి రక్తం చూస్తే ఎనిమిదిన్నర.

"ఇంట్ల ఏం జేస్తున్నవ్ వహినీ?" శీతల్ గొంతులో ఈసారి జాలి లేదు. "పెత్రమాస అయినంక సోమవారం మల్లొస్త. దిగకుండ సూస్కో."

ఆ రోజు ఇంటికి నడిచొస్తూ దీపాలి లెక్క చూసుకుంది. తను అన్నీ సరిగ్గా చేస్తోంది. పిల్ల తింటోంది. మరి ఆ తిండి ఎటు పోతోంది? సందు మలుపులో ఒక్కసారిగా ఆ ఆలోచన వచ్చి నిలబడిపోయింది. ముసలమ్మ తింటోంది. బతికినన్నాళ్లూ కడుపు మాడ్చుకున్న మనిషి, ఇప్పుడు మనవరాలి రక్తంలోంచి తీసుకుంటోంది. ఇలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. భయం మాత్రం పోలేదు.

పెత్రమాస ఆదివారం వచ్చింది. భాద్రపద అమావాస్య, చనిపోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ వండి విస్తరి పెట్టే రోజు. యల్లమ్మకు ఇదే మొదటి విస్తరి. దీపాలి తలస్నానం చేసి, కొత్త పొడవు చీపురుతో వంటిల్లు మూలమూలలా ఊడ్చింది. ఇవాళ కడుపునిండా పెట్టి, దండం పెట్టి, నా బిడ్డను వదిలెయ్ అత్తమ్మా అని అడగాలని నిశ్చయించుకుంది. ఆమె ఆశంతా ఆ విస్తరి మీదే.

గంగాధర్ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మకు ఏం ఇష్టమో జెప్పుండ్రి, జల్దీ తెస్త."

పద్నాలుగేళ్లు దీపాలి ఆ మనిషి పక్కన పొయ్యి దగ్గర కూర్చుంది. మామకు పచ్చిపులుసు ఇష్టం, మొగుడికి వంకాయ ఇష్టం. అత్తకు?

"నీకు ఎర్కుండాలె గద," అంది మొగుడితో.

"నాకేమెర్క? అన్నీ తింటుండె." గంగాధర్ తండ్రి వైపు తిరిగాడు. "బాపూ?"

నరసయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఆరేళ్ల కాపురం. తను నేసిన చద్దర్ దుప్పటి మీద నెమలి పింఛం ఎన్ని పోగులకు ఎక్కడ తిరగాలో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలడు.

"అన్నీ తింటుండెరా," అన్నాడు.

"ఎప్పుడు సూసినవ్ నువ్వు?" అడిగాడు గంగాధర్.

యల్లమ్మ తినడం ఎవరూ చూడలేదు. ఎప్పుడు అడిగినా "నేన్ తిన్న, మీరు తినుండ్రి" అనేది. ఆ మాట ఇప్పుడు నలుగురి మధ్యా వంటింట్లో మళ్లీ వినబడినట్టయింది.

"అవ్వకు ఏం ఇష్టమో నాకు ఎర్క," అంది ఆరతి.

లోపలికి వెళ్లి, తన బడి సంచీ అడుగు నుంచి ఏదో తీసుకొచ్చి అరచేతిలో పెట్టి చూపించింది. చిన్న పచ్చ రేకుడబ్బా. తలనొప్పి మందు డబ్బా.

దీపాలి ఒక అడుగు వెనక్కి వేసింది. తన చేత్తో పడేసిన డబ్బా అది.

"అవ్వకు మిశ్రీ ఇష్టం. ఇస్తట్ల పెట్టరాదె," అంది పిల్ల. మూత తీసింది. వాసన గుప్పుమంది. డబ్బా నిండా పొడి ఉంది, మొన్న వేయించినంత తాజాగా.

దయ్యాలు పెనం మీద పొగాకు వేయించవు. ఈ సంగతి దీపాలికి పదకొండు నెలల తర్వాత, ఆ క్షణంలో తెలిసింది. వారం వారం కంపెనీ తూచి ఇచ్చిన పొగాకుకు తన బీడీలు పదో పన్నెండో తక్కువ పడుతున్నాయని లెక్క చూసే ముకద్దం ఎందుకు విసుక్కుంటున్నాడో కూడా అప్పుడే తెలిసింది. ఆమె కూతురి గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. చిగుళ్లు నల్లబడి ఉన్నాయి. పెదవి లోపల పుండు.

"ఎన్ని దినాల సంది?"

ఆరతి గడ్డం విడిపించుకుంది.

"ఎన్ని దినాల సందే? అవ్వ నేర్పిందా నీకు?"

"నేర్పలే. సూసిన." పిల్ల డబ్బా మూత నొక్కింది. "రొట్టె ఒద్దనిపియ్యాలంటె అది పెట్టుకోవాలె. కొంచెం తల తిర్గుతది, మల్ల ఆకలి సస్తది."

"నేను రొండు రొట్టెలు పెట్టి పోతున్న గద! ఆకలి ఎందుకు సావాలె?"

"రొండు నాకైతె నీకేది?" ఆరతి ఒక్కసారిగా అరిచింది. అరిచి, ఏడ్చేసింది. "ఆరే జేస్తవ్. తాతకు రొండు, బాపుకు రొండు. నేన్ తిన్న, నేన్ తిన్న అంటవ్. నాకు లెక్క రాదా? అవ్వ సచ్చిపోయేముంగట నా చెయ్యి పట్టుకోని చెప్పింది. 'మీ అమ్మ నా తీర్గనే, తినకుండ తిన్నంటది. నేను పోయినంక నువ్వే సూస్కో' అన్నది. సూస్కుంటున్న. నీ రొట్టె ముట్టకుండ రోజు బట్టల సుట్టి పెడుతున్న. నువ్వు అదీ తినవ్!"

నాలుగు మడతలు పెట్టి కొస లోపలికి దోపిన ఆ రొట్టె, పదకొండు నెలలుగా భయపడి తను నోట పెట్టని ఆ రొట్టె, తన కూతురు తనకోసం దాచింది. దీపాలికి దుఃఖం ఎంత వచ్చిందో కోపమూ అంతే వచ్చింది. అత్త మీద, తన మీద, ఈ ఇంటి సోల మీద. ఎంత బాగా ఇల్లు నడుపుతున్నానని మురిసిపోయింది! మొలకలు, ఆకుకూరలు, నిమ్మకాయ. ఇంత మంచి తిండి వండి, తినే మనిషిని ఒకర్ని లెక్కలోంచి కొట్టేసింది. తను కొట్టేసుకున్నది తననే అనుకుంది. ఆ కోత వెళ్లి పిల్ల మీద పడింది.

నరసయ్య లేచి వచ్చి ఆ పచ్చ డబ్బా మనవరాలి చేతిలోంచి తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నలభై ఆరేండ్లు నా ముంగట 'తిన్న' అన్నది," అన్నాడు. "నేను నమ్మిన బిడ్డా. నమ్ముడు సులువు గద. ఇంకొక రొట్టె పళ్లెంల పడతది."

ఆ మాటకు గంగాధర్ సంచి అక్కడే వదిలేసి వాకిట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

దీపాలి మామ చేతిలోని డబ్బా తీసుకుని, మిశ్రీ మోరీలో పోసి నీళ్లు కొట్టింది. చేతులు కడుక్కుని పిండి డబ్బా ముందు కూర్చుంది. ఒక సోల పోసింది. రెండు. మూడు. నాలుగోది ముంచగానే మణికట్టు చుట్టూ ఆ చల్లటి వేళ్లు వచ్చి బిగిశాయి. పొగాకు వేయించింది పిల్లే, రొట్టె మడిచింది పిల్లే. కానీ ఈ చెయ్యి పిల్లది కాదు. ఆరతి ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"ఇడువు అత్తమ్మా," అంది దీపాలి గట్టిగా. "సర్దుకోదు. నువ్వొక్కదానివి సర్దుకున్నవ్, అది సాలు. ఇడువు."

వేళ్లు వెంటనే వదల్లేదు. ఆ వేళ్ల బరువుతో సహా దీపాలి చేతిని పైకెత్తింది. సోల పళ్లెంలోకి ఒంగింది. పిండి పడింది. అయిదోది యల్లమ్మ కోసం పోసింది, ఈసారి ఎవరూ పట్టుకోలేదు.

ఆ రోజు పది రొట్టెలు అయ్యాయి. శేపు కూర, మటకీల కూర, పల్లీల చట్నీ, బెల్లం పోసి వండిన గుమ్మడికాయ. ఏది ఇష్టమో తెలియదు కనుక అన్నీ విస్తరిలో పెట్టి, మీద వేడి రొట్టెలు రెండు పెట్టి, గంగాధర్ స్లాబు మీద పిట్టగోడ పక్కన ఉంచి వచ్చాడు. పక్కిళ్ల మీద కాకులు గోలగోలగా విస్తర్లు ఖాళీ చేస్తున్నాయి. వీళ్ల విస్తరి మీద ఒక్కటీ వాలలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పెద్దలు ముట్టనిదే ఇంట్లో వాళ్లు తినకూడదు.

"మనం తినంది ఆమె ముట్టదు," అన్నాడు నరసయ్య. "ఎన్నడన్న ముట్టిందా?"

దీపాలి నాలుగు పళ్లేలు వేసింది. ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి కూర్చోవడం అదే మొదటిసారి. మోకాళ్లు తగులుతున్నాయి, మామ పక్కన కోడలు కూర్చోవడం అందరికీ ఇబ్బందిగానే ఉంది. ఎవరూ లేవలేదు. ఆరతి నోటి పుండు మీద చట్నీ కారం పడి కళ్లలో నీళ్లు తిరిగితే, దీపాలి రొట్టెను గుమ్మడికాయ పాకంలో అద్ది తినిపించింది. తను కూడా తింది. మొదటి రొట్టె సగంలోనే పొట్ట నిండినట్టనిపించింది, అంత అలవాటు తప్పింది. నీళ్లు తాగి మళ్లీ తింది. కూతురు తన పళ్లెం వంక రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ చూపు కోసం రెండో రొట్టె కూడా తింది.

గంపలో ఏమీ మిగల్లేదు. బట్ట ఒక్కటే ఉంది, మడత లేకుండా.

రేపు శీతల్ వచ్చి వేలు గుచ్చుతుంది. ఎంత ఉంటుందో తెలియదు. ఒక్క పూట తిండికి రక్తం పెరగదని దీపాలికి తెలుసు. పుండు సంగతి, మిశ్రీ సంగతి దాచకుండా చెప్పాలనుకుంది. సిగ్గుపడాల్సింది ఉంటే పడదాం అనుకుంది.

చేతులు కడుక్కుని ఒక్కతే పైకి వెళ్లింది. కాకులు వచ్చిపోయాయి. శేపు కూర లేదు, మటకీలు లేవు, గుమ్మడికాయ అడుగంటా ఊడ్చేశాయి. రొట్టెల్లో ఒకటి పోయింది, రెండోది మాత్రం సగమే తిని ఉంది. మిగతా సగం విస్తరి అంచున, ఎవరో పక్కకు జరిపి పెట్టినట్టు ఉంది.

దీపాలికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఎండలో కాలుతున్న స్లాబు మీద గొంతుక్కూర్చుంది. ఆ సగం రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి మళ్లీ విస్తరి మధ్యలో పెట్టింది.

"తిను అత్తమ్మా," అంది. "మేం తిన్నం. ఈపారి అబద్ధం కాదు."

కాకి మళ్లీ వచ్చేదాకా అక్కడే కూర్చుంది.